ఏడో నంబరు ఎడమకాలు

మేస్త్రి పరిగెడుతున్నాడు.

గుప్పిట్లో మేకు. మేకుకి నెత్తురు. వెనకాల ఎద్దు.

ఎద్దంటే నాలుగు కాళ్లది కాదు. రెండు కాళ్లదే. రేసుగుర్రాలని తయారుచేసే ట్రైనర్ దగ్గర పనిచేసే మనిషి. ఒకసారి మొరాయించిన గుర్రాన్ని భుజాన వేసుకుని లాయంలోకి తీసుకుపోయాడని చెప్పుకుంటారు. గుర్రం కాదు, గుర్రప్పిల్ల అని కొందరంటారు. ఎద్దు మాత్రం ఇద్దరికీ అడ్డు చెప్పడు.

"మేస్త్రీ... ఆగు. మాట్లాడుకుందాం."

మాట్లాడుకోవడానికి వచ్చేవాడు చేతికి తాడు చుట్టుకుని రాడు.

మేస్త్రి ఆగలేదు.

గుర్రాలకి నాడాలు కొట్టడం ఆయన పని. వయసు యాభై ఎనిమిది. ముప్పై ఏళ్లుగా గుర్రాల కాళ్లని తొడల మధ్య ఇరికించుకుని వంగి వంగి, నడుం ప్రశ్నార్థకంలా తయారైంది. ఆఖరుసారి పరిగెత్తింది కందిరీగలు వెంటపడినప్పుడు. అప్పుడు గెలిచింది కందిరీగలే.

ఎదురుగా గోడ మీద గడియారం. ఎనిమిదీ పది.

ఆఖరి రేసు ఎనిమిదీ నలభైకి. ఫ్లడ్‌లైట్ల కింద.

అందులో ఏడో నంబరు గుర్రం. నల్లది. ఇవాళే మొదటి పరుగు. దాని మీద ఎక్కబోయేది మేస్త్రి కూతురు.

ముప్పై నిమిషాలు.

*

ఇంతకీ జరిగింది ఇదీ.

పావుగంట క్రితం ఏడో నంబరుకి ఎడమ ముందుకాలి నాడా వదులైంది. మేస్త్రిని పిలిచారు. ఆయన కాలెత్తి, తోలు ఏప్రాన్ మీద పెట్టుకుని, మేకు దించాడు.

తొందరలో మేకు పక్కకి పోయింది. గిట్ట దాటి పచ్చిమాంసంలోకి దిగింది.

నాడాలు కొట్టేవాడి బతుకులో ఇలాంటి తప్పు ఏడాదికోసారి జరుగుతుంది. జరగ్గానే గుర్రం తన్నుతుంది. మేస్త్రికి ముందుపళ్లు రెండు లేకపోవడానికి అలాంటి గుర్రమే కారణం. అందుకని ఆయన కళ్లు మూసుకుని, తల పక్కకి తిప్పేసుకున్నాడు.

తన్ను రాలేదు.

కళ్లు తెరిచాడు. మేకు వెంట నెత్తురు కారుతోంది. గుర్రం మాత్రం గడ్డి నములుతోంది.

మేకు లాగేశాడు. పట్టకారుతో ఆ చోటే గట్టిగా నొక్కాడు. గుర్రం చెవి కూడా కదపలేదు.

కాలు మొద్దుబారి ఉంది. మత్తుసూది వేశారు. అంటే లోపల ఎముకలో ఏదో పగులుంది. నొప్పి తెలియకపోతే గుర్రం కుంటదు. కుంటకపోతే పరిగెడుతుంది. ఆ విరిగే ఎముక మీద, గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో...

తలెత్తితే ఎదురుగా ట్రైనర్.

"చూశావా మేస్త్రీ?"

"చూశాను."

"ఎందుకు చూశావయ్యా..." అని నిట్టూర్చాడు ట్రైనర్, చుట్టం పోయినంత బాధగా. తర్వాత ఎద్దు వైపు తిరిగాడు. "రేసయ్యేదాకా మేత గదిలో కూర్చోబెట్టు. దెబ్బ తగలకుండా. తగిలినా ఫరవాలేదు."

అప్పుడు మొదలుపెట్టిన పరుగు ఇది.

*

పరిగెడుతూనే ఫోన్ తీశాడు. కూతురికి కొట్టాడు.

స్విచ్ ఆఫ్.

నెత్తి కొట్టుకున్నాడు. జాకీల ఫోన్లన్నీ వాళ్ల రేసుకి గంట ముందే ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తారు. జాకీల గదిలోకి బయటి ఈగకి కూడా ప్రవేశం లేదు. ఆ రూలు పెట్టింది మోసం ఆపడానికి. ఇవాళ అది మోసానికే కాపలా కాస్తోంది.

మలుపు తిరిగాడు. గుర్రాలకి స్నానాలు చేయించే చోటు. నేలంతా సబ్బునీళ్లు. గోడ పట్టుకుని చిన్నపిల్లాడిలా అడుగులో అడుగు వేసుకుంటూ దాటాడు.

ఎద్దుకి అంత ఓపిక లేదు.

ధబ్.

బకెట్లు దొర్లాయి. నాలుగు గుర్రాలు ఒకేసారి సకిలించాయి. నవ్వినట్టే ఉంది.

మేస్త్రి వెనక్కి చూశాడు. అదే పొరపాటు. నేల మీంచే చెయ్యి చాపి ఎద్దు ఏప్రాన్ అంచు అందుకున్నాడు.

లాగుతున్నాడు.

మేస్త్రి వెనక్కి జారుతున్నాడు... అడుగు... రెండడుగులు...

"ముసలోడివి. నీకెందుకు మేస్త్రీ ఇదంతా?"

"నీకు పిల్లలున్నారా?"

"లేరు."

"అందుకే నీకు అర్థం కాదు."

ఏప్రాన్ బకిల్ ఊడదీశాడు. ఎద్దు చేతిలో తోలు మిగిలింది. మేస్త్రి మిగల్లేదు.

*

ప్యాడాక్.

రేసుకి ముందు గుర్రాలని గుండ్రంగా తిప్పి జనానికి చూపించే చోటు. కంచె అవతల వేలమంది. ఏడో నంబరు నడుస్తోంది. నిగనిగలాడుతోంది. నడకలో చిన్న తేడా లేదు.

కంచె దగ్గర పశువుల డాక్టరమ్మ. క్లబ్బు జీతం మీద పనిచేసే మనిషి. గుర్రాలని రేసుకి ముందు పరీక్ష చేసేది ఆవిడే.

"అమ్మా... ఏడో నంబరుని ఆపండి. ఎడమ ముందుకాలికి సూది వేశారు."

"ఇందాకే నడిపించి చూశాను మేస్త్రీ. కుంటడం లేదు."

"మొద్దుబారిన కాలు ఎలా కుంటుందమ్మా?"

గుప్పిట తెరిచి మేకు చూపించాడు. పచ్చిమాంసంలో దింపానన్నాడు. గడ్డి నమిలిందన్నాడు.

డాక్టరమ్మ మేకు చేతిలోకి తీసుకుని చూసింది. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది.

రెండు నిమిషాల్లో పెద్దాయన దిగి వచ్చాడు. రేసుల మీద తీర్పులు చెప్పే కమిటీకి ఛైర్మన్. నిటారు మనిషి. తప్పు చేసినవాళ్లకంటే తప్పు తమదేమో అనుకునేవాళ్లనే ఎక్కువ భయపెట్టే చూపు.

వెనకే ట్రైనర్. చెమట చుక్క లేదు.

డాక్టరమ్మ పట్టకారుతో గిట్ట నొక్కింది. గుర్రం నిలబడే ఉంది.

"పెంపకం అలాంటిదమ్మా," అన్నాడు ట్రైనర్. "మా గుర్రాలు ముట్టుకోగానే ఎగరవు."

"ఆపేద్దాం సార్," అంది డాక్టరమ్మ. "రక్తం తీసి ల్యాబుకి పంపిద్దాం."

"రిపోర్టుకి ఎన్నాళ్లు?"

"మూడు రోజులు."

"మూడు రోజుల తర్వాత ఏమీ లేదని తేలితే?" అన్నాడు ట్రైనర్. "నా గుర్రం మొదటి రేసు నాకు తిరిగిస్తారా? రేపు పక్క లాయం మేస్త్రి ఇంకో మేకు పట్టుకొస్తాడు. ఎల్లుండి ఇంకొకడు."

పెద్దాయన మేస్త్రినే చూస్తున్నాడు.

"కొత్త గుర్రాలు మొదటి రేసుకి ముందే జనం ఎదుట ట్రయల్ పరిగెత్తాలని నెల క్రితం నేను రూలు తెచ్చాను. గుర్తుందా?"

"ఉంది సార్."

"వద్దని కాగితం వచ్చింది. అందులో నీ సంతకం ఎన్నోది?"

మేస్త్రి తల దించుకున్నాడు. "మొదటిది."

"ఎందుకు పెట్టావు?"

"రెండేళ్ల పసివి సార్. ట్రయళ్లు, రేసులు అన్నీ పెడితే కాళ్లు అరిగిపోతాయన్నారు. నిజమే అనిపించింది."

"నిజమే కదా," అన్నాడు ట్రైనర్. "పైగా నేను చీకట్లో లేచి తయారుచేసుకున్న గుర్రాన్ని ఊరందరికీ ముందే ఎందుకు చూపించాలి? పెళ్లికూతురా?"

"చూపించి ఉంటే ఇవాళ నాకు ఈ అనుమానం వచ్చేది కాదు," అన్నాడు పెద్దాయన. "కమిటీ ఓటింగులో ఐదుగురు నన్ను ఓడించారు. నా వైపు నలుగురమే మిగిలాం. సరే. ఆ ట్రయల్ ఇప్పుడే పెడదాం. నాలుగొందల మీటర్లు. ఒక్కటే పరిగెడుతుంది. ఇరవై వేలమంది చూస్తారు."

మేస్త్రికి ఒక్క క్షణం అర్థం కాలేదు.

తర్వాత అర్థమైంది. పెద్దాయనకి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"సార్... వద్దు సార్. విరుగుతుందనే కదా నేను చెప్పేది."

"సార్, పరుగులోనే ప్రమాదం," అంది డాక్టరమ్మ.

"సగం వేగంతో. జాకీకి ఏ తేడా అనిపించినా ఆపేయొచ్చు." ట్రైనర్ వైపు తిరిగాడు. "మీకు అభ్యంతరమా?"

ట్రైనర్ గుర్రాన్ని చూశాడు. నాలుగొందల మీటర్లు ఎంతలో అయిపోతాయో లెక్కేసుకున్నాడు.

"లేదు సార్," అన్నాడు నవ్వుతూ.

పెద్దాయన పట్టుబట్టిన రూలు మంచిదే. పెట్టిన వేళే మంచిది కాదు. ఓడిపోయిన పెద్దమనిషికి నెగ్గే అవకాశం కనపడితే గుర్రాలకంటే ముందు ఆయనే పరిగెడతాడు.

*

జాకీల గది తలుపు తెరుచుకుంది.

పిట్ట బయటికొచ్చింది.

నలభై ఏడు కిలోలు. అందుకే అందరూ పిట్ట అంటారు. పుట్టినప్పుడు మేస్త్రి అరచేతిలో పట్టింది. ఇప్పుడు పసుపు సిల్కు చొక్కా, నల్ల టోపీ.

"దిగిపో తల్లీ. ఎక్కనని చెప్పు."

"ఎక్కకుండానే ఎలా దిగను నాన్నా?" అంది. నవ్వించాలని చూసింది. కళ్లు మాత్రం తండ్రి మీద నిలవలేదు.

"కాలికి సూది వేశారే. నేను కళ్లారా చూశాను."

జీను పట్టీ సరిచూసుకుంటోంది. సరిగ్గానే ఉన్న పట్టీని మూడుసార్లు సరిచూసుకుంది.

"ఆరు నెలలుగా నాకు మూడే మూడు రేసులిచ్చారు నాన్నా. ఆడపిల్లకి చేతుల్లో బలం చాలదంటారు. ఇప్పుడు భయపడి దిగానంటే నాలుగోది ఎవడిస్తాడు?"

"నేను బతిమాలుకుంటాను. అందరి కాళ్లూ పట్టుకుంటాను."

"నువ్వు పట్టుకునేది గుర్రాల కాళ్లు. నా కోసం మనుషుల కాళ్లు పట్టుకోవద్దు." గొంతు తగ్గించింది. "సగం వేగమే. నెమ్మదిగా తీసుకెళ్లి నెమ్మదిగా తెస్తాను."

ఎక్కింది.

మైకులో ప్రకటన. జనంలో ఈలలు. "ఒంటరి రేసురోయ్... ఏడో నంబరే గెలుస్తుంది," అని ఎవడో అరిచాడు. స్టాండంతా గొల్లుమంది.

*

మేస్త్రి కంచె పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు.

నాడాలు కొట్టేవాడికి గుర్రం కళ్లకంటే చెవులకే బాగా కనిపిస్తుంది.

టక టక టక... టక టక టక...

బాగానే ఉంది.

వంద మీటర్లు.

టక టక టక...

రెండొందలు. సగం వేగం దాటింది. అది పిట్ట పని కాదు. గుర్రం పనే. చీకట్లో పెరిగిన గుర్రం. ఇన్ని లైట్లు, ఇంత గోల ఎప్పుడూ చూడలేదు. బెదిరిపోయింది.

"లాగు తల్లీ... లాగు..."

మూడొందలు.

టక టక...

ఒక దెబ్బ తగ్గింది.

ఎండుకట్టె విరిగినట్టు చిన్న చప్పుడు.

ఇరవై వేలమంది ఒకేసారి నోరు మూసుకున్నారు.

కళ్లు తెరిచేసరికి గుర్రం తలకిందులుగా దొర్లుతోంది. పసుపు చొక్కా గాల్లో... తర్వాత గడ్డి మీద... తర్వాత కదలకుండా...

మేస్త్రి కంచె దూకాడు. ఎలా దూకాడో ఆయనకీ తెలియదు.

*

ఆయన చేరేసరికి చుట్టూ పచ్చటి తెర పట్టేశారు. జనానికి కనపడకూడదు. చూడాల్సింది అయిపోయాక కప్పడంలో క్లబ్బువాళ్లది అందెవేసిన చెయ్యి.

తెర లోపల గుర్రం లేవాలని చూస్తోంది. ఎడమ ముందుకాలు మోకాలి కింద వేలాడుతోంది. నొప్పి తెలియదు కదా. కాలెందుకు మాట వినడం లేదో దానికి అర్థం కావడం లేదు. అది చూడలేక అంబులెన్స్ మనిషి తల తిప్పేసుకున్నాడు.

పిట్ట బతికే ఉంది.

వెల్లకిలా పడి ఉంది. భుజం ఎముక చర్మం కింద ఎత్తుగా తేలింది. ముఖం సున్నంలా తెల్లబడింది.

"తల్లీ..."

ఆయన వంగేలోపే ట్రైనర్ గొంతు.

"చూడండి సార్. గిట్టలో రంధ్రం. తాజా నెత్తురు. అరగంట ముందు మేకు దించింది ఈయనే. ఒప్పుకున్నది కూడా ఈయనే. నా గుర్రాన్ని పాడుచేసింది మేస్త్రి. కూతురికి దెబ్బ తగిలేలా చేసుకుంది కూడా మేస్త్రే."

పెద్దాయన వంగి రంధ్రం చూశాడు. నిటారు మనిషి లేచేటప్పుడు నిటారుగా లేవలేదు. తను పెట్టిన ట్రయల్ ఇది. ఈ తప్పు వేరే ఎవరిదైనా అయితే ఆయనకీ హాయే.

"మేకు దించావా?"

"దించాను సార్. కానీ..."

"కాపలావాళ్లని పిలవండి."

ఎద్దు చెయ్యి మేస్త్రి మెడ మీద పడింది. ఇంకా సబ్బు వాసన వేస్తోంది.

డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని పిస్తోలులో గుండు పెట్టింది. కాలు విరిగిన రేసుగుర్రానికి మిగిలేది అదొక్కటే. గుర్రం నుదుటి మీద చోటు చూసుకుంది.

"ఆగండి డాక్టరమ్మా."

పిట్ట గొంతు.

"ఏడింటికి వేశారు సూది. లాయంలో, పదమూడో నంబరు గదిలో. మోకాలి కింద రెండు చోట్ల." ఊపిరి అందడం లేదు. "గెలిస్తే ఏడాదంతా తన గుర్రాలన్నీ నేనే ఎక్కొచ్చన్నాడు ట్రైనర్."

"దెబ్బకి మతి పోయింది పిల్లకి," అన్నాడు ట్రైనర్. "లోపల జరిగింది దీనికెలా తెలుస్తుంది?"

"సూది వేసేటప్పుడు గుర్రం కదలకుండా తల పట్టుకుంది నేనే."

మెడ మీద ఎద్దు చెయ్యి వదులైంది. వదిలినా మేస్త్రి కదల్లేకపోయాడు. కూతురి ముఖం కేసి చూస్తున్నాడు.

"రాసుకోండి సార్," అంది పిట్ట పెద్దాయనతో. "లైసెన్సు పోతుందని తెలుసు. రాసుకోండి."

పెద్దాయన జేబులో కలం వెతుక్కుంటున్నాడు.

గుర్రం ఇంకోసారి లేవబోయింది. విరిగిన కాలు మీదే.

"కానివ్వండి డాక్టరమ్మా," అంది పిట్ట. తండ్రి వైపు తల తిప్పింది. ఆ రాత్రి మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది.

"చెవులు మూసుకో నాన్నా."

మేస్త్రి చేతులు లేవలేదు.

ఢాం!