కారు కంటే ముందే పుకారు

ఆ జపాన్ స్పోర్ట్స్ కారు పేరు కామినారి. అది ఇంకా ఫ్యాక్టరీ గేటు దాటలేదు. పుకారు మాత్రం సముద్రాలు దాటి, ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీదున్న జావేద్ షాపు దాకా వచ్చేసింది.

జావేద్ పని కార్ల ఏసీలు బాగుచేయడం. యావంతా తను ఎన్నడూ ముట్టుకోని కార్ల మీద. సాయంత్రం పని కాగానే ఫోను ముందు నిలబడి, యూట్యూబులో కామినారి గురించి ఊదరగొట్టేవాడు. మూడు సెకండ్లలో వంద దాటుతుందనేవాడు. దసరాకల్లా ఇండియాలో దిగుతుందనేవాడు. ఎవరు చెప్పారని అడిగితే, "సోర్సు ఉండాదిలేప్పా" అనేవాడు.

ఆ సోర్సుకు ఒక శత్రువు ఉన్నారు. ప్రతి వీడియో కిందా 'ఏకే జమ్మలమడుగు' అన్న పేరుతో ఒక కామెంటు పడేది. "కంపెనీవాళ్లు పరిశీలిస్తాండాం అన్నారు. తెస్తాండాం అనలేదు. జపాన్ బాస రాకుంటే గమ్మునుండు."

ఎవరో రిటైరైన లెక్కల మాస్టరనుకున్నాడు జావేద్. "ఏకే మామా, నీకు జపాన్ బాస యాడ నేర్పినారు? జమ్మలమడుగు బస్టాండులోనా?" అని జవాబు రాశాడు. మూడు వందల మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం కమాల్ బాషా అనే పెద్దాయన తన పాత కారును షాపుకు తెచ్చాడు. కువైట్‌లో పద్దెనిమిదేళ్లు డ్రైవరుగా పనిచేసి జమ్మలమడుగు చేరిన మనిషి. వెనక సీట్లో ఆయన కూతురు, ఒళ్లో ల్యాప్‌టాప్. ఏసీ పనిచేయక ముఖమంతా చెమట. ఆ చెమటలోనూ ఆ పిల్ల అంత బాగుండటం న్యాయం కాదనిపించింది జావేద్‌కి.

కొంచెం గొప్ప చూపించుకుందామని గొంతు సవరించుకున్నాడు. "చాచా, దసరాకి కామినారి దిగుతాంది. బుకింగులు కూడా మొదలైనాయి."

"మొదలు కాలేదు," అంది వెనక సీట్లోని పిల్ల తల ఎత్తకుండానే. "పరిశీలిస్తాండాం అన్నారు."

జావేద్ చేతిలో స్పానరు జారి కాలి మీద పడింది. "ఏకే మామా?"

"అల్ఫియా. ఇడుపులపాయలో ఇంజనీరింగు చదువుతా జపాన్ బాస నేర్చుకున్నా. వాళ్ల మిషన్ల పుస్తకాలు ఇంగ్లీషులోకి మారుస్తాంటా. బస్టాండులో నాకెవురూ నేర్పలా."

కమాల్ బాషాకు ఇదేమీ పట్టలేదు. "ఎర్ర రంగులో వస్తాదా అప్పా ఆ కారు?" అని అడుగుతున్నాడు.

ఆ రోజు నుంచి జావేద్ వీడియోల్లో తప్పులు పెరిగాయి. కావాలనే చెప్పేవాడు. సిలిండర్లు రెండు ఎక్కువ చెబితే ఆమె దగ్గర్నుంచి రెండు వాక్యాలు వచ్చేవి. కంపెనీ ఓనరు పేరు తప్పు పలికితే నాలుగు. కారు ఒసాకాలో తయారవుతుందని చెప్పిన రోజు ఒక పేజీ తిట్టింది. దాన్ని ఏడుసార్లు చదువుకుని నిద్రపోయాడు.

ఉన్నట్టుండి కామెంట్లు ఆగిపోయాయి. ఒక రోజు, మూడు రోజులు, పది రోజులు. ఈ కారుకు రెక్కలుంటాయని చెప్పినా ఆమె పలకలేదు.

అప్పుడే పులివెందుల నుంచి ఒక అభిమాని ఫోటో పంపాడు. అరటి తోటలు సాగుచేసే ఆదినారాయణ షెడ్డులో, నల్ల టార్పాలిన్ పట్ట కప్పి, నేలకు అతుక్కున్నట్టు ఏదో ఉంది. అదేమిటో జావేద్‌కూ తెలియదు. అయినా కెమెరా ముందు నిలబడి, "జిల్లాకే మొదటి కామినారి. టెస్టింగు కోసం పులివెందులలో ఆదినారాయణ షెడ్డులో రహస్యంగా దించినారు," అనేశాడు. దీనికైనా తిట్టకపోతుందా అని ఆశ.

ఆమె తిట్టలేదు. లక్షన్నర మంది చూశారు.

మూడో రోజు ఆదినారాయణ నుంచి ఫోను వచ్చింది. "ఏమప్పా, నా షెడ్డు ముందర తిరనాళ్ల మాదిరి ఉండాది. నువ్వొకసారి రా."

జావేద్ పులివెందుల బస్సెక్కాడు.

సన్నగా వాన. షెడ్డు ముందు రెండు వందల మంది, చేతుల్లో ఫోన్లు. ఆ గుంపులో అందరికంటే ముందు కమాల్ బాషా, పండక్కి వేసుకునే చొక్కాలో. ఆయన పక్కన గొడుగు కింద అల్ఫియా. ఆమె చూపు తగలగానే జావేద్‌కి ఆ బస్సే మళ్లీ ఎక్కాలనిపించింది.

ఆదినారాయణ అతన్ని షెడ్డులోకి లాగి చెవిలో చెప్పాడు. "పట్ట కింద ఉండేది రోటవేటరు. ట్రాక్టరు ఎనకాల కట్టి దున్నేది. కానీ నువ్వా మాట చెప్పొద్దు. నలభై ఏండ్లుగా అరటి పండిస్తాండా, ఊర్లో ఒక్కడూ నమస్కారం పెట్టలా. ఈ మూడు దినాల నుంచి అందురూ పెడతాండారు. కారేనని చెప్పు. పట్ట ఎత్తేకి కంపెనీ ఒప్పుకోదను."

చెబితే సరిపోతుంది. అందరికీ సంతోషం. ఛానలు ఇంకా పెరుగుతుంది. జావేద్ నోరు తెరిచాడు. గొడుగు కింది నుంచి అల్ఫియా చూస్తోంది. కోపంగా కాదు. వీడు ఏం చేస్తాడా అని, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

పట్ట పట్టుకుని లాగేశాడు.

"ఇది రోటవేటరప్పా. కామినారి రాలా. వస్తాదో లేదో నాకు తెల్దు. సోర్సు గీర్సు ఏమీ లేదు. నేను చెప్పింది అబద్ధం."

జనం తిట్టిన తిట్లలో కొన్ని అతనికే కొత్త. అరటిపండు ఒకటి వచ్చి భుజానికి తగిలింది. ఆదినారాయణ తల పట్టుకున్నాడు. ఆయన భార్య వనజమ్మ మాత్రం, "పోనీలే, ఇంటి ముందర తొక్కుడు తగ్గింది," అని గేటు వేసుకుంది.

గుంపు చెదిరాక అల్ఫియా గొడుగుతో దగ్గరికొచ్చింది.

"ఎందుకు చెప్పినావు ఇంత పెద్ద అబద్ధం?"

"నువ్వు తిడతావని."

"నువ్వు కావాలనే తప్పులు చెప్తాండావని కనిపెట్టినా. యాడిదాంక పోతావో చూద్దామని గమ్మునుండా. పులివెందుల దాంక పోతావనుకోలా."

"సగం మంది ఛానల్లో నుంచి పోయినారు."

"మిగిలినోళ్లలో నేనుండా."

వాన పెరిగింది. గొడుగు ఇద్దరికీ చాలడం లేదు. దగ్గరికి జరగాలంటే భయం, తడవాలంటే బద్ధకం.

"అల్ఫియా, కామెంట్లలో కాకుండా ఎదురుగా నిలబడి తిట్టు. బతికినన్ని దినాలూ."

ఆమె నవ్వాపుకుంది. "ఆ మాట మా అబ్బాను అడుగు. ఆడ కార్లో కూచోనుండాడు. కోపంగా ఉండాడు, చూసి మాట్లాడు."

జావేద్ వానలో తడుస్తూ వెళ్లి కిటికీ అద్దం మీద తట్టాడు. కమాల్ బాషా అద్దం దించాడు. జావేద్ చెప్పాల్సింది చెప్పాడు, రెండు మాటలు మింగి, మూడు మాటలు తడబడి.

పెద్దాయన ముందు అద్దం మీది వానను వైపర్లతో తుడిచాడు. తర్వాత గొడుగు కింద నిలబడ్డ కూతురి వంక చూశాడు. ఆ పిల్ల తల దించుకుని చెప్పుతో బురద గెలుకుతోంది. తను కువైట్ నుంచి వచ్చినప్పటి నుంచి ఆమె సిగ్గుతో తల దించుకోవడం ఆయన చూడలేదు.

"ఏం కాలమప్పా ఇది," అన్నాడు తలుపు తెరుస్తూ. "కారు చూద్దామని వస్తే అల్లుడు కనపడినాడు. తడిసింది చాల్లే, ఎక్కు."