కామాకు ఒక దెబ్బ

పొద్దున్నే టీ కప్పులు తీసేసి కోడలు బల్ల మీద ఇంగ్లీషు పుస్తకం తెరిచింది. ఎదురుగా మామగారు కళ్లజోడు డబ్బా పట్టుకుని కూర్చున్నారు. ఆయన ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆమె చదువుతుంటే కామా దగ్గర డబ్బాతో బల్ల మీద ఒక దెబ్బ వేస్తారు, ఫుల్‌స్టాప్ దగ్గర రెండు. ప్రశ్న వస్తే గడ్డం పైకెత్తుతారు. బడిలోనూ ఆయన పద్ధతి అదే.

“ఆగమ్మా! ఒక దెబ్బంటే ఊపిరి తీసుకోమని. మాట అయిపోలేదు, ఇంకా ఉందని. బ్రేకుల్లేని బస్సులా పోతున్నావేంటి?”

“బ్రేకుల సంగతి మీ అబ్బాయినడగండి మావయ్యా!”

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్. “ఇంటిని వడ్రంగి షాపు చేశారు కదా ఇద్దరూ!” అని నవ్వాడు.

కోడలు ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అక్కడే రిసెప్షన్‌లో ఉద్యోగం ఖాళీ అయింది. రేపే ఇంటర్వ్యూ. అతిథితో ఇంగ్లీషులో మాట్లాడి చూపించాలి. కానీ మామగారు చుక్కలూ కామాలూ దాటి రావడం లేదు. సంభాషణల పాఠం రాగానే రెండాకులు కలిపి తిప్పేస్తారు. ఎందుకా అని ఆమెకు కుతూహలం. అత్తయ్య పోయినప్పటి నుంచి ఆయన ముక్తసరిగానే మాట్లాడుతున్నారు కాబట్టి అడగడానికి నోరు రాలేదు.

ఈరోజూ పేజీ తిరగబోయింది. ఆమె అరచేయి అడ్డం పెట్టింది.

“ఇది చదువుదాం మావయ్యా. మీరు అతిథి, నేను రిసెప్షన్.”

“అది తర్వాత.”

“రేపే కదా నాన్నా ఇంటర్వ్యూ!” కొడుకు గొంతు పెరిగింది. “తర్వాతంటే ఎప్పుడు? ఉద్యోగం వేరేవాళ్లకి వెళ్లిపోయాకా?”

“ఇస్త్రీ చేసుకునేదానితో ఇంగ్లీషులో మాట్లాడటం నామోషీనా మావయ్యా?” కోడలి కళ్లు చెమర్చాయి. “అదే అయితే చెప్పేయండి, మానేస్తాను.”

ఆయన నొచ్చుకున్నట్టు చూశారు. తర్వాత పాఠంలో మొదటి వాక్యం మీద వేలుపెట్టారు. హౌ ఆర్ యూ?

“దీనికి జవాబు ఆలోచించకుండా రావాలని జీవితమంతా పిల్లలకి నేర్పాను. మీ అత్తయ్యని వాకిట్లో పడుకోబెట్టిన రోజు, నా పాత విద్యార్థి ఒకడు వచ్చి, ఏమనాలో తెలీక, హౌ ఆర్ యూ సార్ అన్నాడు. నేను… ఐ యామ్ ఫైన్, థాంక్యూ అన్నాను. ఆమె పక్కనే నిలబడి.”

కొడుకు చేతిలోని బూటు నేలమీద పెట్టేశాడు. ఆ రోజు తండ్రి కంట తడి లేదని అతను లోలోపల తప్పుపడుతూనే ఉన్నాడు.

కోడలు కళ్లు తుడుచుకుంది. పుస్తకం మూసి, కౌంటర్ వెనక ఉన్నట్టు నిటారుగా నిలబడింది.

“గుడ్ మార్నింగ్, సర్. హౌ ఆర్ యూ?”

ఆయన కళ్లజోడు డబ్బా బల్ల మీద పెట్టేశారు. “నాట్ ఫైన్,” అన్నారు. “బాగోలేదమ్మా.”

దానికి ఏం బదులు చెప్పాలో పుస్తకంలో లేదు. ఆమె కళ్లజోడు డబ్బా అందుకుని బల్ల మీద మెల్లగా ఒక దెబ్బ వేసింది.

ఆయన ఊపిరి తీసుకున్నారు. “మీ అత్తయ్య ఉంటేనా, అతిథి వేషం తనే వేసేది. గది నచ్చలేదని, తువ్వాలు తడిగా ఉందని నిన్ను ఏడిపించుకు తినేది…” నవ్వబోయారు. కన్నీళ్లే వచ్చాయి.

కొడుకు వచ్చి పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. డ్యూటీకి ఆలస్యమవుతున్నా లేవలేదు.

“సరే, కాచుకో,” అన్నారాయన ముఖం తుడుచుకుని. “ఆ తడి తువ్వాలు గొడవేదో ఇప్పుడు నేను పడతాను. తర్వాత ఆమె సంగతులు చెబుతాను, వింటారా?”

కోడలు డబ్బాతో మళ్లీ ఒక దెబ్బ వేసింది. రెండోది వేయలేదు.