ఆఖరి కాలర్

రేడియో కాలర్ గొర్రెల దొడ్లో, గడ్డివాము కింద దొరికింది. పట్టీ కత్తితో కోసేసి ఉంది. అది మెడలో వేసుకుని తిరగాల్సిన ఆడ తోడేలు మాత్రం ఎక్కడా లేదు.

దొడ్డి యజమాని ఓ ముసలి కాపరి. వెంటనే అరెస్ట్ చేశారు. మధ్యాహ్నం కోర్టుకు తీసుకెళ్లాలి.

ఇన్‌స్పెక్టరమ్మకు ఇది మింగుడు పడలేదు. లాకప్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తాతా, తోడేల్ని చంపుతానన్నావా?"

"అన్నానమ్మా. నాలుగు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయింది. అనక ఏం చెయ్యను?"

"చంపావా?"

"మొరిగే కుక్క కరుస్తుందా తల్లీ?"

"మరి ఈ కాలర్ నీ దొడ్లోకి ఎలా వచ్చింది?"

"దొడ్డికి తలుపా, తాళమా? నన్ను వదిలెయ్యమ్మా. మా ఆవిడ మంచం దిగలేదు. దాని నోట్లో నీళ్లు పోసే దిక్కు లేదు."

ఆమె లేచి తన గదిలోకి వెళ్లింది.

కాలర్‌ని బల్ల మీద పెట్టి మళ్లీ చూసింది. పట్టీ అరిగిపోయి, మట్టి కొట్టుకుని ఉంది. దానికున్న సిగ్నల్ పెట్టెకు గీత కూడా పడలేదు. పెట్టె మీద గుండీ అంత నల్లబిళ్ల, చుట్టూ టేప్. టేప్ మాత్రం కొత్తది. బిళ్ల పెట్టెలో భాగమేననుకుని కానిస్టేబుల్ రిపోర్టులో రాయనేలేదు.

పక్కనే ఆమె తాళాల గుత్తి ఉంది. అది జరుగుతూ వచ్చి బిళ్లకు అతుక్కుంది.

ఆమె కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని జీపెక్కింది.

తోడేళ్లకు కాలర్లు వేసే రీసెర్చ్ స్టేషన్‌కు సగం డబ్బు అటవీశాఖది, సగం పశుసంవర్ధక శాఖది. ముందు మీరివ్వండని వీళ్లు, ముందు మీరేనని వాళ్లు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? కాలర్లు ఒక్కొక్కటే పాడైపోయి, చివరికి ఒక్కటి మిగిలింది. ఇక డబ్బివ్వాలా, మూసెయ్యాలా అన్నది ఇవాళే తేలుతుంది.

స్టేషన్లో ఇద్దరే ఉన్నారు. తోడేళ్ల సైంటిస్టు, పశువుల డాక్టరమ్మ.

"సిగ్నల్ ఎప్పుడు ఆగింది?"

"మంగళవారం, సాయంత్రం ఆరుంపావుకి" అన్నాడు సైంటిస్టు. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

"తోడేలు జబ్బుతో చచ్చిపోయుంటే?"

డాక్టరమ్మ నిట్టూర్చింది. "జంతువే లేనప్పుడు ప్రాజెక్టెందుకని మూసేస్తారు."

"ఎవరో చంపారంటే?"

"గొడవవుతుంది. అప్పుడు రెండు శాఖలూ డబ్బు పట్టుకుని పరుగెత్తుకొస్తాయి."

"రిసీవర్ ఆన్ చెయ్యండి."

రిసీవర్ బుస్సుమంది. అంతే. ఇన్‌స్పెక్టరమ్మ కాలర్ తీసి, టేప్ ఒలిచి, బిళ్లను లాగేసింది.

టిక్. టిక్. టిక్.

కానిస్టేబుల్ ఉలిక్కిపడ్డాడు. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సైంటిస్టు మాత్రం చెయ్యి చాచాడు. ఆమె చేతిలోంచి బిళ్ల తీసుకుని, సరిగ్గా దాని చోట పెట్టేశాడు. టిక్ టిక్ ఆగి, బుస్సుమనడమే మిగిలింది.

"బ్యాటరీ అయిపోతుంది మేడం" అన్నాడు అలవాటుగా.

అన్నాక, మొహం పాలిపోయింది.

"అయస్కాంతం పెడితే కాలర్ ఆగిపోతుంది" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "చంపినవాడైతే రాయితో చితక్కొడతాడు. బ్యాటరీ పొదుపు చేసి దాచేది, దాంతో మళ్లీ పని ఉన్నవాడే. ముసలాయనకి దీంతో ఏం పని?"

సైంటిస్టు కుర్చీలో కూలబడ్డాడు.

"జబ్బు చేసి వాగులో చచ్చి పడుంది. నేనే పూడ్చి, కాలర్ కోసి ముసలాయన దొడ్లో పెట్టాను. దానికి రెండు కూనలున్నాయి మేడం! ప్రాజెక్టు పోతే వాటిని కాచే నాథుడుండడు. ఇంకో కాలర్ కొనడానికి చిల్లిగవ్వ లేదు. కేసయ్యాక ఇది తిరిగొస్తే, కూనకి వేద్దామని..."

"కూనకంటే ముందు ఆ ముసలాయన మెడకి వేశారు కదండీ."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆమెకు కోపం వచ్చింది. జాలీ వేసింది. రెంటిలో ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

ఫోన్ మోగింది. కానిస్టేబుల్ తీశాడు.

"మేడం, అటవీశాఖ పెద్దాఫీసరు. ప్రాజెక్టుకి డబ్బు శాంక్షన్ అయిందట. రెండు శాఖలూ సంతకాలు పెట్టాయట."

సైంటిస్టు తలెత్తాడు. "మేడం... డబ్బు చేతికొచ్చేదాకా ఒక్క రోజు ఆగండి. కూనలు చచ్చిపోతాయి."

"మధ్యాహ్నానికి తాతని కోర్టులో నిలబెడతారు."

ఆమె ఫోన్ అందుకుంది.

"సార్, తోడేల్ని ఎవరూ చంపలేదు. జబ్బుతో పోయింది."



"అలాగా" అంది అవతలి గొంతు. ఆ గొంతులో ఏదో బరువు దిగినట్టుంది. "అయితే శాంక్షన్ ఆపి, ఫైలు వెనక్కి పంపమంటాను."

డాక్టరమ్మ లేచి, బుస్సుమంటున్న రిసీవర్‌ని ఆపేసింది.