రోహిణి కడుపులో కుట్ర

దశరథం లారీ కింద పడి చనిపోయిన మూడో రోజు ఏజెంట్ పరమేష్ చేతికి పేడగంప వచ్చింది.

"అది యాక్సిడెంట్ కాదు, మర్డర్," అన్నాడు చీఫ్ ఫోన్లో. "భువనగిరి దగ్గర మన రహస్య ఫారంలో రోహిణి అనే ఆవుంది. చనిపోయిన పొడ తూర్పు జాతి ఆంబోతు కణంతో చేసిన క్లోన్ దూడ దాని కడుపులో పెరుగుతోంది. ఎండకు వెరవని ఆ జాతి మీద విదేశీ ముఠా కన్నేసింది. ఈ చూలు చెడితే ప్రాజెక్టు మూతబడుతుంది. కాపలా లేని కణాలు వాళ్ల చేతికి పోతాయి. లాబ్ టెక్నీషియన్ దశరథం ఏదో కనిపెట్టాడు. చెప్పేలోపే చంపేశారు. పనివాడి వేషంలో చేరి అదేంటో కనుక్కో."

"నాకు సాయం?"

"హరిత. ముఠాకు పనిచేస్తున్నట్టు నటించే మన మనిషి. ఫారానికి సలహాదారుగా వస్తుంది. ఆమె చెప్పింది చెయ్యి."

పన్నెండు రోజులు గడిచాయి. చొక్కా గుండీలోని కెమెరా పేడనీళ్లకు మసకబారిపోయింది. హరిత మాత్రం నారాయణపేట పట్టుచీరలో, నల్ల కళ్లద్దాలతో, సలహాదారు హోదాలో కారు దిగేది. రోహిణి రక్తం హైదరాబాద్ లాబ్‌కు తీసుకెళ్లేది. రిపోర్టు ప్రతిసారీ నార్మలే.

ఆవును సాకే గుర్వమ్మకు అది మింగుడు పడలేదు.

"దినాలు దాటినయ్, పొదుగు దిగలే. కడుపు సూడు, డోలు లెక్కున్నది. గిది మంచి చూలు గాదు బిడ్డా."

పరమేష్ ఫారంలోని పశువుల డాక్టర్ మల్లీశ్వరి దగ్గరికి పరుగెత్తాడు.

"క్లోన్ చూలుల మాయ, అంటే ప్లాసెంటా, మస్తు పెరుగుతది," అందామె. "అది వదిలే హార్మోన్లు తల్లి రక్తంల ఎక్కువైతయ్. దూడ గూడ హద్దు దాటి పెరుగుతది. గట్లయితే నేనే కోసి తీస్త. కానీ రిపోర్టు నార్మల్ అంటాంది. కాయితం కాదని కత్తి ఎట్ల పట్టాలె?"

ఆవు ప్రాణానికి ముప్పుందని చీఫ్‌కు కోడ్ పంపాడు: "మబ్బు పట్టింది."

జవాబొచ్చింది: "హరిత లేదంటోంది. వెయిట్."

పరమేష్ పళ్లు కొరికాడు. పక్కన పెట్టి మరిచిపోవడానికి రోహిణి ఫైలు కాదు.

మర్నాడు పొద్దున ఐసు పెట్టె కారుదాకా మోసే పని అతనికే పడింది. దారిలో రోహిణి రక్తమున్న ట్యూబు తీసేసి, ఆవు పేరే రాసిన మరో ట్యూబు పెట్టాడు. అందులో ఉన్నది గడ్డిబండి ఎద్దు రక్తం.

మధ్యాహ్నం హరిత రిపోర్టు తెచ్చింది. గర్భం నార్మల్. హార్మోన్లు నార్మల్.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. "ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టుంది సార్. నేను పంపింది ఎద్దు రక్తం. రిపోర్టులు హరితే పుట్టిస్తోంది. ఆమె మన మనిషి కాదు, వాళ్ల మనిషి."

అటువైపు చీఫ్ కాగితాలు తిరగేసిన చప్పుడు. "రాసి పంపు. కమిటీలో పెడతాను."

పరమేష్ ఫోన్ కట్ చేసి కొట్టంలోకి దూకాడు. హరిత చేతిలో సిరంజి ఉంది. సూది రోహిణి మెడకు వెంట్రుకవాసి దూరంలో ఉంది.

"విటమిన్," అని నవ్వింది.

నేలమీదున్న సీసా తీసి చదివాడు. ఆవు ఈనకుండా ఆపే మందు. చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె రెండో చేతిలో పిస్టల్ మెరిసింది.

"ఇంకో రెండు రోజులైతే ఆవు తనంతట తానే పోయేది. నువ్వూ దశరథంలాగే తొందరపడ్డావు!"

వెనకనుంచి గుర్వమ్మ కుడితి బకెట్ ఎత్తి ఆమె మొహాన కుమ్మరించింది. పిస్టల్ పేలి గుండు పైకప్పు రేకుల్లోకి దూసుకుపోయింది. పరమేష్ పిస్టల్ లాక్కుని ఆమెను గుంజకు కట్టేశాడు.

సంగతి విన్నాక మల్లీశ్వరి మరో కాయితం అడగలేదు. కత్తి పట్టింది. ఇరవై కిలోలు ఉండాల్సిన దూడ నలభై ఒకటి తూగింది. దానికి ఊపిరి లేదు. గుర్వమ్మ గడ్డితో రుద్దింది, మల్లీశ్వరి ముక్కు శుభ్రం చేసింది. ఎంతసేపటికో అది తుమ్మింది. రోహిణి తల తిప్పి చూసింది.

హరితను పోలీసు జీపు ఎక్కించాక పరమేష్ తలగుడ్డ విప్పాడు.

"అవ్వా, నేను పనోణ్ని కాదు. గవర్నమెంటు గూఢచారిని."

"ఎరుకే బిడ్డా," అంది గుర్వమ్మ. "వచ్చిన దినమే తెలిసింది. పనోడెవడన్న చెప్పిన టైముకు వస్తడా?"