ఉత్తుత్తి తలుపు

డెట్రాయిట్ నుంచి గంట డ్రైవ్ చేస్తే, మొక్కజొన్న పొలాల అంచున ఓ పాత రాతి చర్చి ఉంది. పొద్దుగూకాక ఆ ఊరివాళ్లు కుక్కని తిప్పడానికి కూడా అటు వెళ్లరు. లోపల ఎవరూ ఉండరు... కానీ ఎవరో తలుపు తడుతున్న చప్పుడు వినపడుతుందట. బయట నుంచి కాదు — లోపల నుంచి.

అందుకే ఏళ్ల తరబడి తాళం పడి ఉంది. అందుకే చవగ్గా అమ్మకానికొచ్చింది.

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. ఆదివారం ఒక స్కూల్ జిమ్ రెంట్‌కి తీసుకుని ఆరాధన చేసుకునేవాళ్లం. ఆ చర్చి ఫొటోలు చూడగానే మా సంఘపెద్ద అబ్రహాం గారి మనసు దానిమీదకి పోయింది. ఆయన కూతురు షారన్ పాత బిల్డింగులు బాగుచేసే ఆర్కిటెక్ట్. కొనేముందు చూసొద్దామని ఓ డిసెంబర్ సాయంత్రం తండ్రీకూతుళ్లు బయల్దేరారు. ఆ తర్వాత జరిగింది షారనే నాకు చెప్పింది.

డిసెంబర్ కదా, వాళ్లు చేరేసరికే చీకటి. మంచు జోరుగా పడుతోంది. లోపల కరెంట్ లేదు. అమ్మేవాళ్లు ఇచ్చిన తాళంచెవితో తలుపు తీసి, టార్చ్ వేసుకుని అడుగుపెట్టారు.

"ఎన్ని వందల ఏళ్లదో..." కొనదేలిన కిటికీల వైపు చూస్తూ అబ్రహాం గారు గొంతు తగ్గించి అన్నారు.

"అంత లేదు డాడీ. చూడ్డానికే ఓల్డ్. రైళ్లు, ఫ్యాక్టరీలు, పొగ... అవన్నీ వచ్చాక పీపుల్‌కి పాత టైమ్ మీద ఇష్టం పెరిగింది. బ్యాంక్ కడితే గ్రీక్ టెంపుల్ లాగా, చర్చి కడితే ఎప్పటిదో ఇంగ్లండ్ చర్చి లాగా. చచ్చిపోయిన స్టైల్స్‌ని మళ్లీ లేపారు. రివైవల్ అంటారు."

"మాకు రివైవల్ అంటే చల్లారిన భక్తిని లేపే ఉజ్జీవ కూడికలేనమ్మా!" ఆయన నవ్వారు. "చచ్చినవాటిని లేపడం మనుషుల పని కాదు."

ఆ నవ్వు గోడలకి తగిలి తిరిగొచ్చింది. ఆయన మళ్లీ నవ్వలేదు.

ప్రసంగం చేసే పుల్పిట్‌కి ఎడమపక్క ఓక్ తలుపు, పాస్టర్ గదిలోకి. కుడిపక్క అచ్చం అలాంటిదే ఇంకొకటి. అబ్రహాం గారు దాని పిడి పట్టుకుని తిప్పారు. కదల్లేదు.

"అది ఉత్తుత్తి తలుపు డాడీ. రెండువైపులా ఒకేలా కనపడాలని పెట్టారు. వెనకాల గోడే."

అప్పుడు — టక్... టక్...

ఆ తలుపు వెనక నుంచే.

అబ్రహాం గారు కూతురి మణికట్టు పట్టుకున్నారు. "పలకొద్దు," అన్నారు, పెదాలు కదిలీ కదలకుండా. "పద."

షారన్‌కి దెయ్యాల మీద నమ్మకం లేదు. చేయి విడిపించుకుని, వేలి కణుపుతో ఒక్కసారి కొట్టింది.

నిశ్శబ్దం...

టక్. ఒక్కసారే.

ఇద్దరూ ఒకటే పరుగు. కారెక్కి ఆయన స్టార్ట్ చేశారు. హెడ్‌లైట్లు చర్చి గోడ మీద పడ్డాయి. గోడని ఆనుకుని లావుపాటి రాతి దిమ్మ ఒకటి కప్పు దాకా లేచి ఉంది. దాని పక్కనే... మంచు కప్పేసిన నిచ్చెన.

"డాడీ, ఆపు!" షారన్ అరిచింది. "ఆ దిమ్మ షో కోసం కట్టింది. గోడని మోయదు. చర్చిని వెచ్చగా ఉంచడానికి కింద పెట్టిన పాత కొలిమి పొగ పోవడానికి లోపల డొల్లగా వదిలేసేవాళ్లు. అది సరిగ్గా ఆ డోర్ వెనకాలే ఉంది. ఎవరో పైనుంచి పడిపోయారు డాడీ!"

ఆమె 911కి ఫోన్ చేస్తుండగానే అబ్రహాం గారు మళ్లీ లోపలికి పరిగెత్తారు. తలుపుకి రెండు అరచేతులూ ఆనించి, "బ్రదర్, మేమున్నాం, ధైర్యంగా ఉండు!" అని ఇంగ్లీషులో కేకేశారు. తర్వాత తెలుగులో గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. ఊపిరి కోసం ఆయన ఆగినప్పుడల్లా లోపల నుంచి — టక్.

ఫైర్ ట్రక్ వచ్చేదాకా అలాగే జరిగింది.

గొడ్డళ్లతో తలుపు చీల్చారు. వెనక ఇటుకలు పగలగొట్టారు. మసి కొట్టుకుపోయిన ఓ నడివయసు మనిషిని బయటికి లాగారు. పేరు డెన్నిస్. కప్పు లీకవుతోందని అమ్మేవాళ్లు పంపిన రూఫర్. పగలే పడిపోయాడు. ట్రక్ చర్చి వెనక పెట్టాడు కాబట్టి ఎవరూ గమనించలేదు. ఛాతీ బిగుసుకుపోయి అరవడానికి ఊపిరి చాల్లేదు.

అబ్రహాం గారు తన కోటు తీసి అతని మీద కప్పారు. ఆయన కళ్లలో నీళ్లు. "ఆపకుండా తట్టావు బ్రదర్. అదే నిన్ను బతికించింది."

డెన్నిస్ ఆయన వంక అయోమయంగా చూశాడు. నీలంగా మారిన పెదాలు కదిలాయి. షారన్ వంగి చెవి పెట్టింది.

"నేను తట్టలేదు... చేతులు రెండూ తలమీదకి ఇరుక్కుపోయాయి. వేలు కూడా కదల్లేదు..."

ఊపిరి తీసుకున్నాడు.

"నా కాళ్ల కింద నుంచి ఎవరో తడుతున్నారు."