నతానియేలు కొబ్బరిచెట్టు

కొత్తపేట దాటాక, కాలువగట్టున కాశీవిశ్వనాథంగారి తోటలో అన్నిటికన్నా పొడుగైన కొబ్బరిచెట్టు ఒకటి ఉండేదట. చీకటిపడ్డాక సైకిలు మీద వెళ్ళేవాళ్ళు అక్కడ బెల్లు కూడా కొట్టేవారు కాదు. కొబ్బరికాయల దింపు తీసే కూలి నతానియేలు దాని మీంచే పడి చనిపోయాడు. దెయ్యమై దాని మీదే ఉన్నాడని ఆ తరవాత ఎవరూ ఎక్కలేదు. కాయలు మాత్రం... రాత్రికి రాత్రి మాయమయ్యేవి.

1979లో ప్రకాశరావు ఊరొచ్చాడు. హిమాలయాల్లో ఇరవైరెండువేల అడుగుల శిఖరం ఎక్కి, ఎడమకాలి వేళ్ళు రెండు మంచుకి సమర్పించుకున్న మనిషి. ఏటిగట్టుని మించిన ఎత్తు చూడని జనానికి వారంరోజులు ఉపన్యాసాలిచ్చాడు.

"అంతెత్తున ఏం కాస్తాయండీ?" అని అడిగారు జనం.

ఊళ్ళో అతనికి తలపెట్టిన సన్మానం ముందురోజు కాశీవిశ్వనాథంగారు అన్నారు: "ఈ రాత్రి ఆ చెట్టెక్కి గెల దింపెయ్యండి. దెయ్యం లేదని రేపు సభలో మీరు చెబితే, కూలోళ్ళు మళ్ళీ ఎక్కుతారు."

కాదంటే పరువు పోతుంది. ముళ్ళబూట్లు, నైలాన్ తాడు, మంచుగొడ్డలితో ప్రకాశరావు ఒక్కడే బయల్దేరాడు.

సగం దాకా బాగానే సాగింది. ఆపైన చెట్టు ఊగింది. కొండలు ఊగవు. ఎడమబూటు జారింది... లేని వేళ్ళు పట్టుకోసం వెతికాయి. మంచులో తాడు తెగి పడిపోయిన స్నేహితుడు గుర్తొచ్చాడు. మానుని కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు — నెత్తిమీద మట్టల్లోంచి గుసగుస.

"కాస్త పక్కకి జరగండి బాబూ. కాయ జారేలా ఉంది."

మట్టల సందులోంచి ఒక పాదం దిగింది... ఇంకోటి. వెనక్కి తిరిగి లేవు. వేళ్ళు పదీ ఉన్నాయి. చీర గోచీపోసి, నడుముకి కత్తితో నతానియేలు భార్య కృపావతి.

"ఆయన పోయేక నేను దింపు తీస్తానన్నానండి. ఆడదానివి, నీకెందుకన్నారు తోట ఆసామిగారు. నా పిల్లలు ఈ చెట్టు కాయల మీదే చదువుకుంటన్నారు."

అతని నడుముకున్న తాడు కొస పైకి అందుకుంది. మట్ట మొదలుకి చుట్టి, మెల్లగా వదులుతూ చంటిపిల్లాణ్ణి దింపినట్టు దింపింది. శిఖరాలెక్కిన మనిషి సిగ్గుతో నేల మీద కూలబడ్డాడు.

మర్నాడు శాలువా కప్పి, మైకు ఇచ్చి, "చెప్పండి, అక్కడ దెయ్యం ఉందా?" అన్నారు కాశీవిశ్వనాథంగారు.

మూడోవరసలో కృపావతి తలదించుకుని కూర్చుంది. ప్రకాశరావు గొంతు సవరించుకున్నాడు.

"ఉందండి. కళ్ళారా చూశాను. నాలాంటివాడికే బతికి దిగడం గగనమైంది. దయచేసి ఎవరూ ఎక్కొద్దు."

సభంతా బిగుసుకుపోయింది. అందరికన్నా ముందు కృపావతే తలూపింది.

"ఆయ్," అంది.