నోర్ముయ్ సారు

"అక్కా! పైకి లాగు! తొందరగా!"

కొండపైన కంట్రోల్ రూమ్ స్పీకర్లో తమ్ముడి గొంతు. రొప్పుతున్నాడు.

రోప్‌వే ఆపరేటర్ ఆ అక్కే. చీకటి పడిపోయింది. ఇదే ఆఖరి ట్రిప్పు. కింది స్టేషన్లో కదులుతున్న కేబిన్లోకి దూకేశాడు వీడు!

"ఏమైందిరా?"

"టూరిస్టావిడ చెయిన్ పోయిందట. ఫొటోలు తీసేవాడే కొట్టేశాడని నన్ను చూపించింది. అంతే! పోలీసులు మీద పడ్డారక్కా. తోసేసి పరిగెత్తా..."

పోయిన సీజన్లో టూరిస్టుల్ని గుర్రమెక్కించేవాణ్ని కూడా వాచీ కొట్టేశాడని ఇలాగే పట్టుకెళ్లారు. తెల్లారేసరికి లోయలో శవం. కాలు జారిందన్నారు. ఆ వాచీ హోటల్ బాత్రూంలోనే దొరికింది!

"ఒక్కడివేనా?"

"ఇంకొకడెవడో నా వెనకే ఎక్కాడు. టూరిస్టనుకుంటా... అక్కా! వీడి చేతిలో గన్ను! మఫ్టీ పోలీసు!"

ధడేల్!

కింది నుంచి వైర్‌లెస్‌లో కబురందిన ఇన్‌స్పెక్టర్ తలుపు తన్నుకుంటూ లోపలికొస్తాడు. ఊళ్లో ఆయన్ని 'నోర్ముయ్ సారు' అంటారు. ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వడు మహానుభావుడు. టూరిస్టులకి మాత్రం ఆయనంటే తెగ ముద్దు. లోకల్ వాళ్లని ఇలాగే అణిచెయ్యాలి సార్ అంటూ సెల్ఫీలు దిగుతారు.

"వాడు పైకి రాగానే నాకప్పగించు."

"సార్, వాడు నా తమ్ముడు. వాడు తియ్యలేదు సార్..."

"నోర్ముయ్!"

ఆమె చెయ్యి ఎర్ర బటన్ మీద పడుతుంది.

కీచుమంటూ బ్రేకు!

ఒకే తాడుకి రెండు కేబిన్లు. ఒకటెక్కుతుంటే ఒకటి దిగుతుంది. రెండూ సరిగ్గా లోయ మధ్యలో, పక్కపక్కనే ఆగిపోయాయి.

"వాణ్ని కోర్టుకి పంపుతానని మాటివ్వండి. అప్పుడు నడుపుతా."

చెంప ఛెళ్లుమంటుంది. నోట్లో రక్తం ఉప్పగా తగులుతుంది.

"నాకే షరతులు పెడతావా?" ఆయన వైర్‌లెస్ అందుకుంటాడు. "కేబిన్లో ఉన్నవాడా, విను. వాడు నీ మీద తిరగబడ్డాడు. అర్థమైందా? ఏసెయ్!"

అప్పుడు గుర్తొస్తుంది ఆమెకి. దిగే కేబిన్!

ఇన్‌స్పెక్టర్ పెళ్లాం, కూతురు అందులోనే ఉన్నారు. ఆయనొచ్చేదాకా పైన హోటల్లో కూర్చోమన్నాడట. పిల్ల ఇంటికెళ్దామని ఒకటే మారాం. పోలీసువాళ్ల కుటుంబమంటే క్యూ ఉండదుగా! స్టాఫ్ గేటులోంచి తనే ఎక్కించింది. ఏరికోరి కిటికీ సీట్లు కూడా ఇచ్చింది.

"సార్! వద్దు! పక్క కేబిన్లో మీ..."

"నోర్ముయ్!"

"సార్, ఒక్క మాట..."

"నోర్ముయ్ అన్నానా!" అరచెయ్యి ఆమె నోరు నొక్కేస్తుంది. ఆమె గింజుకుంటుంది. కొరుకుతుంది. ఆయన వదలడు.

ఢాం!

స్పీకర్లో అద్దాలు భళ్లుమంటాయి. ఎవరివో కేకలు!

"అక్కా... నేను వంగా! నాకు తగల్లేదు..."

వైర్‌లెస్ గరగరలాడుతుంది. "తప్పింది సార్... గుండు అవతలి కేబిన్లోకి..."

"పోతే పోయింది! మళ్లీ ఏసెయ్!"

ఇన్‌స్పెక్టర్ జేబులో ఫోను మోగుతుంది. విసుక్కుంటూ వైర్‌లెస్ బల్ల మీద పడేసి తీస్తాడు.

"నాన్నా... అమ్మ లేవట్లేదు నాన్నా! అంతా రక్తం!"

ఆయన చెయ్యి ఆమె నోటి మీంచి జారిపోతుంది.

"ఎ... ఎక్కడున్నారమ్మా?"

"తాడు మీద. కదలట్లేదు నాన్నా..."

"ఆపమనండి సార్!" ఆమె అరుస్తుంది. "ముందు వాణ్ని ఆపమనండి!"

ఆయన వైర్‌లెస్ ఎత్తుతాడు. తడుముతాడు. బటన్ దొరకట్లేదు.

"ఆపు... ఆప..."

ఢాం!

స్పీకర్ మూగబోయింది.

"తమ్ముడూ!... ఒరేయ్! పలకరా!"

ఆమె ఒక చేత్తో లివర్ నెట్టేస్తుంది. తాడు మెల్లగా కదులుతుంది. ఒకటి కిందికి, ఒకటి పైకి.

"తొందరగా నడుపు తల్లీ! నీకు దణ్ణం పెడతా! నా పెళ్లాం..." ఆయన మోకాళ్ల మీద పడి ఏడుస్తున్నాడు.

స్పీకర్లో ఏదో సన్నగా... ఊపిరా? గాలా?

ఆమె చెవి దానికి ఆనించి ఉంది. తల తిప్పకుండానే అంటుంది.

"నోర్ముయ్!"